పండుగ పూట పోయిన గీతలు

"గీతలు ఏడవోయినయ్ అవ్వా?"

లచ్చవ్వ కొడుకు వైపు తిరిగింది. ఒక చేతిలో కొబ్బరినూనె గిన్నె, ఇంకో చేతిలో తడి తువ్వాల పట్టుకుని బాత్రూం గడప మీదే నిలబడింది. పండుగకని కోడలికి అప్పుడే తలకు పోసింది. ఆమె వెనక నుంచి కుంకుడుకాయ వాసన, వేడినీళ్ల ఆవిరి ఇల్లంతా కమ్ముకుంటున్నాయి.

చీర అందిద్దామని తలుపు తీసిన సిద్దిరాములు భార్య ఎడమ పక్కకు చూసి అక్కడే ఆగిపోయాడు. ఆపరేషన్ కుట్టు ఉంది. కమిలి నల్లబడ్డ తోలు ఉంది. దాని చుట్టూ ఉండాల్సిన గీతలు లేవు.

"నిన్నే అడిగేది. దవాఖానల గీసిన గీతలు. వంకాయ రంగువి. మెడ కింద ఒకటి, సంక కింద ఒకటి, నడుమ కూడిక గుర్తు. ఏం జేసినవ్?"

"గవ్వా?" లచ్చవ్వ తేలిగ్గా ఊపిరి తీసుకుంది. "గవి మరకలనుకున్న రా. సద్దుల బతుకమ్మ పూట ఒంటి మీద మరకలతోని ఎట్లుంటది పిల్ల? సున్నిపిండి పెడితె మండుతదని, ఉత్త నూనెతోని తుడిచిన. పసిపిల్లను తుడిచినట్టు తుడిచిన. జర్రసేపట్ల మొత్తం పోయినయ్."

పోయినయ్ అన్న మాట ఆమె కాస్త గర్వంగానే అంది.

సిద్దిరాములు నోట మాట రాలేదు. అతని నోరు ఆగిపోవడమంటే దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో సాయంత్రం పూట హారన్లు ఆగిపోవడం లాంటిది. బస్సు డిపోలో అతని పేరు చెప్తే డ్రైవింగ్ కంటే ముందు కథలు గుర్తొస్తాయి. బ్రేకులు ఫెయిలైన బస్సును ఎదురుగాలికి అడ్డంపెట్టి ఆపానంటాడు. మూసీ పొంగిన రోజున బస్సును పడవలా నడిపి అవతలి ఒడ్డుకు చేర్చానంటాడు. అంత వరదలోనూ కండక్టర్ టికెట్లు కొట్టాడని, ఒక చేప కూడా టికెట్ తీసుకుందని చెప్తాడు. అలాంటివాడు గోడకు ఆనుకుని నేల మీద కూలబడ్డాడు.

"ఏమైంది రా? గట్ల కూసున్నవేంది?"

"అవి మరకలు గావే అవ్వా. ఆ గీతలు చూసే వాల్లు రేడియేషన్ మిషిన్ పెడతరు. గీత ఈడుంటే కరెంటు ఈడ పడతది. గీత లేకుంటే ఏడ పెట్టాలె?"

"మల్ల గీస్తరు. గీత గీసుడు ఎంతసేపు?"

"ఎంతసేపా? మల్ల స్కానింగ్, మల్ల కొలతలు. కొలతలు తీసే సారు ఇయ్యాల పొద్దుగాలనే ఊరికి పోతనన్నడు, దసరా అయినంకనే వస్తడు. నడుమ ఆపొద్దు, ఆపితే మల్ల పెరుగుతదని డాక్టరమ్మ చెవిల ఇల్లు గట్టుకోని చెప్పింది."

లచ్చవ్వ నూనె గిన్నె కింద పెట్టింది. చౌటుప్పల్ అవతల నుంచి బస్సుల్లేక, ఇసుక ట్రాక్టర్ మీద ఒకసారి, పాల ఆటోలో ఒకసారి ఎక్కి దిగి, తంగేడు పూలు గునుగు పూలు బస్తాలో నెత్తిన పెట్టుకుని నిన్న కొత్తపేటకు చేరింది. కోడలు జబ్బుపడ్డాక ఆమె ఒళ్లు చూడడం ఇవాళే మొదటిసారి. రొమ్ము తీసేసిన చోటు చూసి ఏడవలేదు, అడగలేదు. నూనె రాసింది.

"నాకెవలు చెప్పిర్రు?" అంది చివరికి, మెల్లగా.

ఎవరూ చెప్పలేదు. ఆ మాట నిజం.

స్వరూపరాణి బయటికి వచ్చింది. పాత పసుపుపచ్చ చీర కట్టుకుంది. మందు ఎక్కించినప్పుడు ఊడిన జుట్టు ఇప్పుడిప్పుడే మొలుస్తోంది, వేలి గోరంత. దాని మీద నీళ్లు చుక్కలుగా నిలిచాయి.

"అత్తమ్మనేమనకు," అంది.

"నువ్వన్న చెప్పొద్దా? నీ ఒంటి మీదియే గదా గీతలు!"

స్వరూప అతని వైపు చూసి, చూపు తిప్పుకుని, వంటింట్లోకి వెళ్లి రాగిజావ గిన్నె మీద మూత తీసింది. జావ అడుగంటింది. పొద్దున పొయ్యి మీద పెట్టి, కలుపుతూ నిలబడే సిద్దిరాములు కునికాడు. ఈ నెలలో అది మామూలైపోయింది. నిలబడి నిద్రపోతాడు, కూర్చుంటే నిద్రపట్టదు. చారులో ఉప్పు మరచిపోతాడు, మర్నాడు గుర్తొచ్చి రెండుసార్లు వేస్తాడు. స్వరూప రెండూ ఒకేలా తాగుతుంది.

తెలంగాణ కోసం సాగుతున్న సకల జనుల సమ్మెతో అతని బస్సు డిపోలో నిలబడింది. లేకపోతే ఈ పనులన్నీ ఎవరు చేసేవారో. కూతురు రాణి నిజామాబాద్‌లో నర్సింగ్ చదువుతోంది, పండుగకొస్తానని బ్యాగు సర్దుకుని మరీ బస్సుల్లేక హాస్టల్లోనే ఉండిపోయింది. "బస్సు ఆపిన్నని మురిసిన, నా బిడ్డనే ఆపుకున్న," అని నవ్వాడు ఫోన్లో. అవతల రాణి నవ్వలేదు.

ఇప్పుడు చొక్కా జేబు తడుముకున్నాడు. చేతికి మార్కర్ తగిలింది.

ఎల్బీనగర్ సమ్మె శిబిరంలో అట్టల మీద నినాదాలు రాసే మార్కర్ అది. గులాబీ రంగు. రాత అందంగా ఉంటుందని ఆ పని అతనికే అప్పజెప్పారు, నిన్న జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు.

"స్వరూపా, జర ఇటు రా."

"ఎందుకు?"

"రా, చెప్త."

లోపలి గదిలోకి తీసుకెళ్లి తలుపు దగ్గరికేశాడు. ఆమె మంచం మీద కూర్చుంది. అతను మార్కర్ మూత తీశాడు. స్వరూప ఒక్కసారి దాన్ని, ఒక్కసారి అతన్ని చూసింది.

"మీరు గీయొద్దన్నరు గదా వాల్లు. గీత పోతే మాకు చెప్పుండ్రి, మీరు గీయకుండ్రి అని."

"వాల్లట్లనే అంటరు. బస్సు బాగుచేసుడు నీతోని కాదని మెకానిక్ గూడ అంటడు. అనంతగిరి ఘాట్ మీద నేను రబ్బరుబ్యాండుతోని ఇంజన్ కట్టి తేలేదా?"

"తెచ్చినవ్."

"మరి? ఇరవై ఏండ్ల సంది గీతల నడుమనే బండి నడిపినోన్ని. నాకు గీత తెల్వదా? రోజు చూస్తున్న గదా, కండ్లల్ల అచ్చువడ్డయ్. ఈన్నే, గీ పుట్టుమచ్చకు జర పైన."

"గులాబి రంగు గదా ఇది. వాల్లది వంకాయ రంగు."

"ఎండితే వంకాయ అయితది."

స్వరూప కొంగు పక్కకు తీసింది. మొహం కిటికీ వైపు తిప్పుకుంది. కిటికీ అవతల పండ్ల మార్కెట్ ఉంది. లారీలు రాక బత్తాయి బుట్టలు ఖాళీగా బోర్లించి ఉన్నాయి.

సిద్దిరాములు మార్కర్ ఆనించాడు. తాకీ తాకనట్టు. నల్లబడ్డ తోలు మీద గీత నిలవకుండా వంకర పోయింది. నిండు బస్సును సందులో రివర్స్ తీసే చేయి అది. ఉమ్మితో తడిపి చెరిపి, మళ్లీ గీశాడు. ఆ మచ్చ మెడ కింద గీతకు పైనుండేదా, కిందుండేదా? నిన్నటిదాకా తెలుసు. ఇప్పుడు చూస్తే రెండూ నిజమే అనిపిస్తోంది.

"కరెంటు పక్కకు వోతే ఏమైతది?" అడిగింది స్వరూప, కిటికీ వైపే చూస్తూ.

"ఏం గాదు."

"గుండె మీద పడతదన్నది గదా డాక్టరమ్మ. ఎడమ దిక్కు గదా, జర జాగర్త అని."

"నీ గుండెకు ఏం గాదు. నా అసొంటోనితోని ఇన్నేండ్లు కాపురం చేసింది, కరెంటుకు భయపడతదా?"

అతను నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వి కొంగు సర్దుకుంది.

* * *

కింద ఇంటి ఓనరు చక్రపాణి కారు స్టార్ట్ చేసి ఉంచాడు. ఆయనది కోస్తాలో అవనిగడ్డ. దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకు పరీక్షలకు కోచింగ్ సెంటర్ నడుపుతాడు. సమ్మె మొదలైనప్పటి నుంచి దానికి తాళం. ఆ కోపం ఆయన రోజూ సిద్దిరాములు మీదే తీర్చుకుంటాడు, రోజూ కారులో దవాఖానకు తీసుకెళ్లేదీ ఆయనే.

"రండి రండి. బస్సులు ఆపేసిన మహానుభావులు కారెక్కండి," అన్నాడు తలుపు తీసి. "అమ్మా, మీరు వెనక పడుకోండి. దిండు పెట్టింది మా ఆవిడ. పులిహోర పెడతానంది, మీకు వాంతులవుతాయేమోనని నేనే వద్దన్నాను."

"మంచిగ చేసినవ్ సారు," అన్నాడు సిద్దిరాములు ముందు సీట్లో కూర్చుంటూ. "మీ పులిహోరల చింతపండు జాస్తి."

"చింతపండు లేనిదాన్ని పులిహోర అనరండీ, పసుపన్నం అంటారు."

కారు సందు దాటి మెయిన్ రోడ్డెక్కింది. రోడ్డు ఖాళీగా ఉంది. దుకాణాల షట్టర్లు సగానికి దించి ఉన్నాయి. పూలమ్మేవాళ్లు మాత్రం బంతిపూలు గుట్టలు పోసుకుని కూర్చున్నారు.

"ఎప్పటికండీ అవుతుంది ఇది?" అన్నాడు చక్రపాణి. "పిల్లలు ఇళ్లకెళ్లిపోయారు. పరీక్ష తేదీ మాత్రం ఆగదు కదా. మీకు రావాల్సింది మీకొస్తుంది, సరే. మేమెక్కడికి పోవాలి?"

"ఎక్కడికి పోతవ్ సారు? ఈన్నే ఉండు. మేమేమన్న పొమ్మన్నమా?"

"మీరనలేదు. మైకులో అంటున్నారు."

సిద్దిరాములు కిటికీ వైపు తిరిగాడు. ఆ మైకులో మాట్లాడేవాళ్లకు మంచినీళ్లు అందించేది అతనే. వెనక సీట్లో స్వరూప కళ్లు మూసుకుని ఉంది. నిద్రపోయిందో లేదో తెలియదు.

దిల్‌సుఖ్‌నగర్ దగ్గర రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టారు. వంటా వార్పు. గుండిగల్లో అన్నం ఉడుకుతోంది. పక్కనే ఆడవాళ్లు నడిరోడ్డు మీద బతుకమ్మలు పెట్టి చుట్టూ తిరుగుతున్నారు. ఒకతను గరిటె పట్టుకునే కారుకు అడ్డం వచ్చాడు. సిద్దిరాములు బస్సులో కండక్టర్‌గా చేసే శైలేందర్.

"వాపస్ తిప్పు సారు. బండ్లు పోవొద్దు."

సిద్దిరాములు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఒరేయ్ శైలేందర్, గరిటె దించు. గీయన ఎవలనుకున్నవ్? గీ సారు తాత మన చౌటుప్పల్ దిక్కు కల్లు గీసేటోడు. నడుముకు కట్టే మోకు ఎందుకని ఒక చెట్టు మీదికెల్లి ఇంకో చెట్టు మీదికి దుంకేటోడు. గట్ల దుంకుకుంట దుంకుకుంట ఒకనాడు కృష్ణ దాటి అవుతల పడ్డడు. మల్ల వాపస్ దుంకుదామంటే గాడ తాడిచెట్లు దూరం దూరం ఉండె. గందుకే ఆన్నే ఉండిపోయిండు పాపం. మనోడే."

శైలేందర్ గరిటె భుజాన వేసుకుని పడీపడీ నవ్వాడు. "నీయబ్బ, చచ్చేటప్పుడన్న ఒక్క నిజం చెప్పు అన్నా." అంటూ వెనక సీట్లోకి తొంగి చూశాడు. నవ్వు ఆగిపోయింది. "వదినె ఉన్నదా? ముందుగాల చెప్పొద్దా! ఏయ్, పొయ్యి జరుపుండ్రి! అంబులెన్సు, అంబులెన్సు!"

పొయ్యి జరిగింది. ఒకామె ఆడుతున్నదల్లా ఆగి కారు అద్దంలోంచి ఒక బంతిపువ్వు స్వరూప ఒడిలో వేసింది.

కారు మలక్‌పేట దాటింది. అప్పుడు చక్రపాణి అన్నాడు.

"మా తాతగారు పోస్టుమాస్టరండీ. చెట్టెక్కడం దాకా ఎందుకు, స్టూలెక్కినా కళ్లు తిరిగేవి ఆయనకి."

"అయితేంది సారు, దారి ఇచ్చిర్రా లేదా?"

"ఇచ్చారనుకోండి. కానీ మీరిన్ని చెప్తుంటే ఒక్కోసారి భయమేస్తుంది. రేపెప్పుడైనా మీరు నిజం చెప్పాల్సొస్తే ఎవరు నమ్ముతారు?"

సిద్దిరాములు జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. మార్కర్ అక్కడే ఉంది. అద్దంలో చూస్తే స్వరూప కళ్లు తెరిచే ఉన్నాయి.

* * *

కరెంటు పెట్టే గది నేల కింద ఉంటుంది. మెట్లు దిగితే పొడుగాటి వసారా, ఇనుప బెంచీలు, చివర పెద్ద తలుపు. తలుపు మీద ఎర్ర బల్బు. అది వెలిగినంతసేపు లోపల పేషెంటు తప్ప ఎవరూ ఉండకూడదు.

పండుగ పూట కదా, బెంచీలు దాదాపు ఖాళీ. చక్రపాణి పైన కారు దగ్గరే ఉండిపోయాడు. ఇద్దరే కూర్చున్నారు. సిద్దిరాములు అలవాటుగా మొదలుపెట్టాడు.

"ఒకపారి ఏమైందనుకున్నవ్, చంపాపేట్ కాడ బస్సుకు ఒక ఎద్దు అడ్డమొచ్చింది. హారన్ గొడితే అది గూడ హారన్ గొట్టింది..."

"ఊకో."

"విను, గమ్మతున్నది."

"ఊకో రాణి నాయినా." స్వరూప గొంతు పెంచలేదు. "అలిసిపోయిన నేను."

"కరెంటుకు అలుపొస్తదన్నరు గదా. ఇంటికి పోయినంక జర్రంత..."

"కరెంటుకు గాదు. నీ కథలకు."

అతను ఆమె వైపు తిరిగాడు.

"నువ్వు చెప్తవ్, నేను నవ్వుత. నవ్వకుంటే నీ మొకం ఎట్లయితదో నాకెరుక. నువ్వు ఏడుస్తవేమోనని నవ్వుతున్న. వాంతి జేసుకోని వచ్చి నవ్విన. జుట్టు ఊడిన నాడు గూడ నవ్విన. ఇగ నాతోని కాదు."

వసారాలో ఎక్కడో ఫ్యాను కిర్రుమంటోంది. సిద్దిరాములు తన చెప్పుల వైపు చూశాడు. ఎడమ కాలికి తనది, కుడి కాలికి చక్రపాణిది. పొద్దున కింద గుమ్మంలో చూసుకోకుండా తొడిగాడు. మామూలు రోజైతే దీని మీద ఒక కథ అల్లేవాడు.

"ఇంకొకటి చెప్త," అంది స్వరూప. "అత్తమ్మ నూనె రాస్తుంటే గీతలు పోతున్నయని నాకెరుకే."

"ఎరుకేనా?"

"చూస్తనే ఉన్న. నూనెల వంకాయ రంగు కారుతుంటే చూసిన. ఆపు అత్తమ్మా అంటే ఆపు. అనలే."

"ఎందుకనలే స్వరూపా?"

ఆమె ఒడిలోని బంతిపువ్వును వేళ్లతో తిప్పింది.

"ఇన్ని దినాల సంది నన్ను ముట్టుకున్నోల్లంత గ్లౌజులేసుకోనే ముట్టుకున్నరు. లేకుంటే సూదితోని. నువ్వు గూడ ముట్టుకుంటలేవు. మంచం ఆ కొసకు జరిగి పంటవు. ఇయ్యాల పొద్దుగాల గీత గీసేటప్పుడు గూడ మార్కరే ముట్టిచ్చినవ్, చెయ్యి ముట్టియ్యలే. ఆ ముసలామె మాత్రం అరచెయ్యి పెట్టి రాసింది. గీతలు పోతే పోనియ్యి అనుకున్న."

"నీకు నొస్తదని భయమైంది..."

"నాకెరుకే." స్వరూప అతని ముఖంలోకి సూటిగా చూసింది. "ఇప్పుడు ఒక్కటి చెప్పు. కథ గాదు. నువ్వు గీసిన గీత, వాల్లు గీసిన కాన్నే ఉన్నదా?"

సిద్దిరాములుకు కొలతల సారు ఊరికి పోవడం, నడుమ ఆపొద్దన్న డాక్టరమ్మ మాట, గడప మీద నూనె గిన్నెతో నిలబడ్డ తల్లి, అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. ఇప్పుడు లేదంటే ఈమె మళ్లీ ఇక్కడికి రాదు. ఆ సంగతి అతనికి ఖాయంగా తెలుస్తోంది.

"ఆన్నే ఉన్నది," అన్నాడు.

"సరే."

పెద్ద తలుపు తెరుచుకుంది. మిషన్ నడిపే బిందుమాధవి బయటికి వచ్చి పిలిచింది. ఏలూరు పిల్ల, ఎప్పుడూ నవ్వు ముఖం.

"స్వరూపరాణి గారూ, రండి. పండగ స్నానం అయినట్టుందే, కుంకుళ్ల వాసనొస్తోంది!"

స్వరూప లేచింది. బంతిపువ్వు భర్త చేతిలో పెట్టి లోపలికి వెళ్లింది.

* * *

ఎప్పుడూ బెంచీ మీదే కూర్చునేవాడు. ఇవాళ కూర్చోలేకపోయాడు. తలుపు పక్కనున్న చిన్న గది దాకా వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు. మిషన్ బటన్లు ఆ గదిలోనే ఉంటాయి. బల్ల మీద చిన్న తెర. తెరలో స్వరూప, బల్లపై వెల్లకిలా, ఎడమ చెయ్యి తల మీదికి ఎత్తి, కదలకుండా.

బిందుమాధవి లోపలి నుంచి వచ్చింది. ఆమె వెనక పెద్ద తలుపు మూసుకుంది. సిద్దిరాముల్ని చూసి నవ్వింది.

"ఏంటి సిద్దిరాములు గారూ, ఇవాళ బస్సు ఎగిరిందా, ఈదిందా?"

"మేడం, ఆపుండ్రి."

"ఏమైంది?"

"ఆ గీతలు మీరు గీసినయ్ గావు. నేను గీసిన."

బిందుమాధవి ఫక్కున నవ్వింది. "మీరు గీశారా? ఇంకా నయం, మిషను కూడా మీరే చేశారనలేదు."

"నిజం మేడం."

"రంగు తేడాగా ఉందని నేనూ అడిగానండీ ఆవిడని. నిన్న మధ్యాహ్నం డ్యూటీ వాళ్లే మళ్లీ దిద్దారని ఆవిడే చెప్పారు, నిమ్మళంగా."

సిద్దిరాములు తెర వైపు చూశాడు. పెళ్లైన నాటి నుంచి స్వరూప అబద్ధం ఆడగా అతను వినలేదు. ఇంటికి రెండో అబద్ధాలకోరు ఎందుకని ఆమే అనేది.

"అది అబద్ధం చెప్పింది మేడం."

"అంటే ఆవిడది అబద్ధం, మీది నిజం?" బిందుమాధవి నవ్వు సగంలో ఆగింది. నమ్మాలో వద్దో తెలియక అతని ముఖం చూస్తోంది. చెయ్యి ఇంకా బల్ల మీది బటన్ల పక్కనే ఉంది.

తాడిచెట్ల మీదుగా కృష్ణ దాటించినవాడికి నాలుగు నిజం మాటలు దొరకలేదు. జేబులోంచి మార్కర్ తీశాడు. మూత పీకి, తన ముంజేతి మీద అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీశాడు. చెయ్యి ఆమె ముందు పెట్టాడు.

"గీ రంగు చూడు. ఆ రంగు చూడు."

బిందుమాధవి చూసింది. అతని చేతిని, మార్కర్‌ను, తెరను. బల్ల మీద నుంచి చెయ్యి తీసేసి ఫోను అందుకుంది.

"సార్, మీరింకా బయల్దేరలేదు కదా? ఒక్క ఐదు నిమిషాలు... లేదు సార్, మార్కింగ్ మార్చేశారు. ఇంట్లో... ఆఁ, ఎడమ వైపు... ఇవ్వలేదు సార్, ఇంకా ఇవ్వలేదు."

ఫోను పెట్టేసి ఒక క్షణం కళ్లు మూసుకుంది. తర్వాత అతని మీద విరుచుకుపడింది. "ఎంత పని చేశారండీ! గుండె పక్కనండీ అది! ఎన్నిసార్లు చెప్పాను మీకు?"

"చెప్పినవ్ మేడం."

"సార్ ఉన్నారు. కారెక్కబోతున్నారు. ఇప్పుడే పైకి తీసుకెళ్తే స్కాన్ చేసి మళ్లీ గీస్తారు. లేదంటే పండగ అయ్యాకే. పదండి, తొందరగా."

పెద్ద తలుపు తెరుచుకుంటోంది. అది ఎప్పుడూ నెమ్మదిగానే తెరుచుకుంటుంది. ఇవాళ మరీ నెమ్మదిగా అనిపించింది.

స్వరూప లేవలేదు. చెయ్యి తల మీదే ఉంది. పైకప్పు వైపు చూస్తోంది.

"చెప్పేసినవా," అంది.

"చెప్పిన. నువ్వెందుకు అబద్ధం ఆడినవ్?"

"నువ్వు ఆడినవ్ గదా. నువ్వొక్కనివే మోస్తున్నవ్, జర నేను గూడ పట్టుకుందామని." ఆమె గొంతులో కోపం లేదు, ఏమీ లేదు. "ఇటో అటో ఒకటయితదనుకున్న. ఏదైన సరే, అయిపోతది గదా అనుకున్న."

"స్వరూపా..."

"డాక్టరమ్మ గీసింది. అత్తమ్మ తుడిచింది. నువ్వు మల్ల గీసినవ్. ఇప్పుడు ఆ సారు గీస్తడట. గోడ మీద బోర్డు రాసినట్టు రాస్తున్నరు, తుడుస్తున్నరు. నన్ను ఒక్కరన్న అడిగిర్రా?"

బిందుమాధవి తలుపు దగ్గరే ఆగింది.

సిద్దిరాములు బల్ల దగ్గరికి వచ్చాడు. గులాబీ గీతలున్న చోట చెయ్యి వేయబోయి, ఆగి, వేశాడు. అరచెయ్యి మొత్తం. తోలు వేడిగా ఉంది. కింద గుండె కొట్టుకోవడం తెలుస్తోంది. స్వరూప ఉలిక్కిపడలేదు.

"గీయమనాల్నా?" అని అడిగాడు.

ఆమె కళ్లు తిప్పి అతని ముఖం చూసింది. నిద్రలేక ఉబ్బిన కళ్లు, గడ్డంలో తెల్ల వెంట్రుకలు, ముంజేతి మీద కూడిక గుర్తు. కిందికి చూసింది. ఒక చెప్పు అతనిది, ఒకటి ఎవరిదో.

"కూసో," అంది.

"టైం లేదు స్వరూపా, ఆ సారు..."

"ముందుగాల కూసో. నువ్వు కూసుంటేనే చెప్త."

పేషెంట్లు బల్ల ఎక్కడానికి వేసిన చిన్న ఇనుప మెట్టు ఉంది. సిద్దిరాములు దాని మీద కూర్చున్నాడు. నోట్లో ఒక్క మాట కూడా లేకుండా, చెయ్యి మాత్రం తీయకుండా కూర్చున్నాడు.

పైన ఎక్కడో కారు స్టార్టయిన చప్పుడు. అది కొలతల సారుదో, చక్రపాణిదో ఆ నేల కింది గదిలోకి తెలియలేదు.

స్వరూప జవాబు చెప్పడానికి ఊపిరి గట్టిగా లోపలికి తీసుకుంది.